రుక్మాబాయి నీలి పాలు

మందును డాక్టర్ విశ్వేశ్వర్ "నీళ్ళల్లో గానీ పాలల్లో గానీ" వేసుకోమన్నారు. "పాలల్లోనే" అని తేల్చి చెప్పినవాణ్ణి నేను. మొఘల్‌పురాలో ఆయన దవాఖానాలో పద్దెనిమిదేళ్ళు కంపౌండరుగా మందులు కలిపాను. ఒక్క పొరపాటూ చేయలేదని చెప్పుకుంటే మా ఆవిడ వాసవాంబ మూతి తిప్పుతుంది కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. కానీ ఆ ఒక్క మాట మాత్రం నాదే. దాని వల్ల గౌలిపురలో ఎంత లొల్లయిందో, చివరికి ఎవరి మూతి నీలంగా మారిందో నేను చెబితేనే సరిగ్గా ఉంటుంది. ఆ గల్లీల్లో ఇప్పటికీ ఈ కథ చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళంతా కలిసి అందులోంచి నన్ను ఎగరగొట్టేశారు. అదీ నాకు మంట.

అది 1938 వానాకాలం. ఒక పొద్దున దవాఖానా తలుపు తీసేసరికి బయట బల్ల మీద ఒకామె ముఖం నిండా కొంగు కప్పుకుని కూర్చుంది. పక్కన నిలబడ్డవాడు అంజన్. మా ఇంటికి పాలు పోసేవాడు. గౌలిపురలో ఏడు బర్రెలున్న ఇల్లు వాళ్ళది, దబీర్‌పురా దాకా నలభై ఇళ్ళకు వాళ్ళ పాలే. అతన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఆరు నెలలుగా ఆ పాలకు మీగడ కట్టడం లేదు, కాస్తే గిన్నె అడుగంటుతోంది, ఆ మాట చెప్పమని వాసవాంబ నన్ను రోజూ పొడుస్తోంది. సరే, మనిషి దొరికాడు, నాలుగు తగిలిద్దామని నోరు తెరిచేలోగా డాక్టరుగారు ఆమెను లోపలికి పిలిచారు.

కొంగు తీయమన్నారు. తీసింది. నేను ఒకడుగు వెనక్కి వేశాను. కంపౌండరు అలా వేయకూడదు, అయినా వేశాను.

పాతికేళ్ళ మనిషి. చక్కని ముఖమే. కానీ రెండు కళ్ళూ గూళ్ళలోంచి ముందుకు పొడుచుకు వచ్చి, నల్లగుడ్డు చుట్టూ పైనా కిందా తెల్లగా కనిపిస్తోంది. రెప్ప వాల్చడం తక్కువ. ఎవరిని చూసినా వాళ్ళ పాపాలన్నీ కనిపెట్టేసినట్టే ఉంది. నాకైతే ఆ వారం దగ్గుమందులో తేనె బదులు బెల్లం కలిపిన సంగతి గుర్తుకొచ్చింది.

పేరు రుక్మాబాయి, అంజన్ భార్య. ఎంత తిన్నా చిక్కిపోతోందట. గుండె దడ, ఒళ్ళంతా చెమట, వాన కురుస్తున్నా ఉక్కపోతే. కళ్ళలో ఇసుక పోసినట్టు గరగరలాడి నీళ్ళు కారుతాయట. అన్నిటికంటే ఆమె బాధ చేతుల గురించి. చేతులు వణుకుతున్నాయి, పాలు పితకలేకపోతోంది. అన్నిటికంటే ఎక్కువ పాలిచ్చే చంద్రి అనే బర్రె ఆమె చేతికి తప్ప చేపదట, పాలు దించదట. వణికే చెయ్యి తగిలేసరికి అదీ తన్నడం మొదలుపెట్టింది. ఇదంతా ఆమె చెబుతుంటే అంజన్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. ఒక్కసారి కూడా భార్య ముఖం వైపు తల తిప్పలేదు. వీడూ భయపడుతున్నాడు కాబోలు, పిరికి వెధవ అనుకున్నాను.

డాక్టరుగారు ఆమె చాచిన వేళ్ళ మీద పల్చని కాగితం పెట్టారు. కాగితం గడగడలాడింది. తన వేలు ఆమె కళ్ళ ముందు పైనుంచి కిందికి మెల్లగా దించారు. కళ్ళు వేలితోపాటు దిగాయి, పైరెప్పలు మాత్రం వెనకబడిపోయాయి. నాడి చూస్తే నిమిషానికి నూట ముప్ఫై. మెడ ముందు చిన్న వాపు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, గొంతు దగ్గర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుందని, ఒంట్లో ఏ పని ఎంత జోరుగా జరగాలో దాని రసమే నడిపిస్తుందని, ఈమెకు ఆ రసం హద్దు లేకుండా ఊరుతోందని చెప్పుకొచ్చారు. అంజన్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. రుక్మాబాయి మాత్రం కాసేపు ఆలోచించింది.

"అంటె దూడ లేకున్నా, చెయ్యి వెట్టకున్నా చేపుకుంటనే ఉండే బర్రె లెక్కనా, సాబ్?"

డాక్టరుగారు చేత్తో బల్ల చరిచారు. పద్దెనిమిదేళ్ళలో ఆ రోగాన్ని అంత చక్కగా ఎవరూ చెప్పలేదన్నారు. నేను నాలుగు పుస్తకాలు చదివి చెప్పిన రోజున మాత్రం "ఊఁ" అన్నారు.

వైద్యం రెండు మెట్లని చెప్పారు. ముందు అయోడిన్ చుక్కలు, పూటకు పది, రోజుకు మూడు పూటలు. పది పన్నెండు రోజులకు దడ, వణుకు తగ్గుతాయి. కానీ ఆ మందు పని కొన్ని వారాలే. తర్వాత గ్రంథి మళ్ళీ పరుగందుకుంటుంది. అది నెమ్మదించి ఉన్నప్పుడే పెద్ద దవాఖానాలో ఆపరేషన్ చేసి, గ్రంథిలో ఎక్కువ భాగం తీసేయాలి. ఆ అదను దాటితే గుండెకు ముప్పు, ప్రాణానికే ముప్పు. ఆపరేషన్ కాగితం మీద మొగుడు వేలిముద్ర వేయాలి.

కళ్ళ సంగతి ఆమే అడిగింది. డాక్టరుగారు అబద్ధం చెప్పే మనిషి కాదు. కళ్ళ వెనక ఉండే కండ, కొవ్వు ఉబ్బి కళ్ళను ముందుకు నెట్టాయని, గొంతు నయమైతే కళ్ళు ఇంకా ముదరకుండా ఆగవచ్చని, అయితే వెనక్కి పోతాయని మాత్రం మాట ఇవ్వలేనని అన్నారు. "గొంతు మాట కండ్లు వింటయని చెప్పలేనమ్మా, వాటి దారి వాటిదే," అన్నారు. రుక్మాబాయి కొంగు మళ్ళీ ముఖం మీదికి లాక్కుంది.

చుక్కల సీసా నేను కట్టిచ్చాను. ఆ మందు రుచి తుప్పు పట్టిన మేకు నాకినట్టు ఉంటుంది. గౌలిపుర మనిషికి పాలకేం కొదువ అనుకుని, పాలల్లో వేసుకుని తాగమ్మా అన్నాను. అదీ నేను చేసిన ఘనకార్యం.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం డాక్టరుగారు భోజనానికి వెళ్ళిన వేళ రుక్మాబాయి ఒక్కతే వచ్చింది. సీసా తెచ్చి నా బల్ల మీద ఠక్కుమని పెట్టింది. పక్కన మూత పెట్టిన చెంబు. మూత తీసింది. చెంబులో పాలు. పాలు నీలంగా ఉన్నాయి.

"మందుల సిరా కలిపినవా, కంపౌండర్ సాబ్?"

నాకు సర్రున కోపం వచ్చింది. నేను కలిపిన మందుకు వంక పెట్టేవాళ్ళంటే నాకు పడదు. కానీ ఆ కళ్ళ ముందు కోపం ఎంతసేపు నిలుస్తుంది? కూర్చోమని, ఏం జరిగిందో చెప్పమన్నాను. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

ఆర్నెల్ల కిందట పాలు పల్చబడ్డాయని ఇళ్ళవాళ్ళు గొణగడం మొదలుపెట్టినప్పుడే, సరిగ్గా రుక్మాబాయి కళ్ళు ఉబ్బాయి. అత్త కొమురమ్మ ఆ రెంటినీ ముడిపెట్టేసింది. కోడలి చూపు తగిలి పాలు ఖరాబవుతున్నాయని తేల్చింది. మిరపకాయలు తిప్పింది, దర్గా నుంచి తాయెత్తు తెచ్చింది, బర్రెల మెడకు నల్లతాళ్ళు కట్టింది. కోడలు పాల బిందె దగ్గరికి వస్తే కొంగు కప్పుకునే రావాలని ఆంక్ష పెట్టింది. చుక్కలు మొదలయ్యాక దడ కాస్త తగ్గి, మనిషికి ఆశ పుట్టింది. రోజూ వేడిపాలల్లో వేసుకుని గటగటా తాగేస్తోంది. ఆ పొద్దున మాత్రం చుక్కలు వేసి చెంబు పట్టుకునేలోగా దూడ కట్టు తెంచుకుంది. దాన్ని కట్టేసి వచ్చేసరికి పాలు చల్లారాయి. చల్లారిన పాలు ఆమె చూస్తుండగానే నీలమయ్యాయి. ఆమె వెనకే కొమురమ్మ నిలబడి ఉంది.

ఇంకేముంది. గల్లీ అంతా పోగయింది. శుక్రవారం కులపెద్దలు కూర్చుంటారు. కోడల్ని రైలెక్కించి షాద్‌నగర్ అవతల పుట్టింటి పల్లెకు పంపేయాలని, అంజన్‌కు మరో పెళ్ళి చేయాలని కొమురమ్మ పట్టుబట్టింది. ఆ పల్లెలో డాక్టరు లేడు, చుక్కలు లేవు. పుట్టింట్లో ఉన్నది ముసలి తల్లి ఒక్కతే. ఇక్కడ మొగుడు వేలిముద్ర వేయకపోతే ఆపరేషన్ లేదు.

"సస్తనని కాదు సాబ్," అంది. "పాలు ఖరాబు చేసినదాన్నని పేరు పెట్టుకుని సస్తనని."

పాడి మీదే బతికే గౌలి ఇంటి ఆడబిడ్డకు అంతకంటే పెద్ద మాట లేదు.  ఆమె ముఖం చూడలేక చెంబులోకి వంగి చూశాను. అప్పుడు తట్టింది. కంపౌండరు పరీక్షకు వల్లెవేసిన పాఠంలో ఒక్క వాక్యం. అయోడిన్ తగిలితే గంజి నీలమవుతుంది. వేడిలో ఆ రంగు కనబడదు, చల్లారితే బయటపడుతుంది.

పొద్దున చాయ కోసం ఇంటి నుంచి తెచ్చుకున్న పాలు నా దగ్గర గిన్నెలో మిగిలి ఉన్నాయి. అంజన్ పోసిన పాలే. పది చుక్కలు వేశాను. నీలం. ఆరు నెలలుగా నేను చాయ తాగుతున్నాననుకుంటూ గంజి తాగుతున్నానన్నమాట. నీళ్ళు పోస్తే తనిఖీకి వచ్చే బల్దియావాళ్ళు పాలల్లో గాజు గొట్టం ముంచి పట్టేస్తారు. గంజి కలిపితే పాలు చిక్కగా ఉన్నాయని గొట్టం కూడా మోసపోతుంది. ఇప్పుడే గౌలిపుర పోయి ఆ ఇంటి ముందు నిలబడి అందరి పరువూ తీస్తానని చెప్పులు వేసుకున్నాను.

రుక్మాబాయి నా దారికి అడ్డం నిలబడింది. విషయం రెండుసార్లు చెప్పించుకుంది. మా ఇంట్లో మొదటి పాలు తాగం సాబ్, ఇళ్ళకు పోసినంక బిందెలో మిగిలినవే తాగుతం అంది. అంటే ఆమె తాగినవీ ఆ పాలే. బర్రె దగ్గర పితికినప్పుడు లేని గంజి బిందెలోకి ఎలా వచ్చింది? బిందె ఎవరి చేతిలో ఉంటుంది? అత్త చేతిలో. ఆ మాట అనుకుంటూనే ఆమె ముఖం విచ్చుకుంది. నవ్వింది. ఉబ్బిన కళ్ళతో నవ్వితే ఎలా ఉంటుందో మొదటిసారి చూశాను. అల్లరి పిల్లలా ఉంది.

నీ నోరు శుక్రవారం దాకా మూసుకుని ఉంచు, ఆ పొద్దు మాత్రం రా అని నాకు ఆజ్ఞ వేసింది. గంజి లేని పాలల్లో చుక్కలు వేస్తే ఏ రంగొస్తుందని అడిగింది. కొద్దిగా పసుపుపచ్చ, అంతే అన్నాను. ఇంకో చిన్న సీసా నిండా చుక్కలు ఇప్పించుకుని, కొంగు కప్పుకోకుండానే గల్లీలో నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

శుక్రవారం సెలవు కోసం కడుపునొప్పని డాక్టరుగారికి చెప్పాను. ఆయన అక్కడే నిలబెట్టి ఔన్సు ఆముదం తాగించి పంపారు. ఆ మధ్యాహ్నం నేను పడ్డ అవస్థకు ఈ కథతో సంబంధం లేదు కానీ, ఒక మనిషికి న్యాయం జరగడం కోసం ఎవరెంత త్యాగం చేశారో తెలియాలి కదా.

అంజన్ ఇంటి వాకిట్లో నులకమంచాలు వేశారు. పదిమంది పెద్దలు. నడిమంచం మీద కులపెద్ద బాలనర్సింహ, తెల్లని గుబురు మీసాలు. ఆయనవీ పన్నెండు బర్రెలు. పాలు కొనేవాళ్ళ తరఫున నన్ను ఒక మూల కూర్చోబెట్టారు. అంజన్ చావిడి గుంజకు ఆనుకుని నేల చూస్తున్నాడు. కొమురమ్మ మొదలుపెట్టింది. ఆమె మాట్లాడితే మధ్యలో ఊపిరి తీసుకోదు. కోడలు వచ్చిన నాటి నుంచి ఏ బర్రె ఎప్పుడు తుమ్మిందో అన్నీ చెప్పి, చివరికి గొంతు దించింది.

"మొదలు పాలు పల్చగైనయ్. ఇగ నీలమైనయ్. రేపు నెత్తురైతయ్. గప్పటిదాంక ఆగుదమా?"

మంచాల మీద పెద్దలు సర్దుకుని కూర్చున్నారు. బాలనర్సింహ కోడలు చెప్పుకునేదేమన్నా ఉందా అని అడిగాడు. రుక్మాబాయి ముందుకు వచ్చి కొంగు తలమీది నుంచి భుజానికి దించింది. ఒక్కొక్కరినీ చూసింది. ఆమె చూపు తగిలినవాడు తగిలినట్టే తల పక్కకు తిప్పుకున్నాడు.

"నా సూపు పాడుదైతె ఏ పాల మీద పడ్డా ఖరాబు గావాలె గదా, పెద్దబాపు," అంది. "రెండు చెంబులు పెట్టుండ్రి. ఒకటి మీ ముంగట పిండుత. ఇంకోటి బిందెల పాలు. రెండిట్ల నా మందు ఏస్త, రెండిటిని ఒక్క తీరుగ సూస్త. రెండూ నీలమైతె నేనే రైలెక్కుత."

కొమురమ్మ ఒప్పుకోలేదు. బర్రెకు ఏమన్నా అయితే ఎవరు జవాబు చెబుతారంది. బాలనర్సింహకు మాత్రం తమాషా చూడాలని ఉంది, తల ఊపాడు.

రుక్మాబాయి చెంబు పట్టుకుని చంద్రి పక్కన గొంతుక్కూర్చుంది. అప్పటికి చుక్కలు మొదలై పన్నెండు రోజులు. నేను ఆ వేళ్ళకేసే చూస్తున్నాను, ఎందుకంటే ఆమె తనే పితకడం మా ఇద్దరి పథకంలో లేదు. మందు పనిచేయకపోతే బర్రె తంతుంది, కథ అక్కడే అయిపోతుంది. వేళ్ళు కాస్త వణికాయి. ఆమె బర్రె పొదుగు నిమిరి, నోట్లో ఏదో గొణిగింది. చంద్రి చెవులు ఆడించి, ఒక కాలు ఎత్తబోయి దించేసింది. తర్వాత చెంబులో ధార పడిన చప్పుడు వినిపించింది. రుక్మాబాయి బర్రె పొట్టకు నుదురు ఆనించుకుంది. ఆమె ఏడుస్తోందని నాకు తెలుసు. ఆర్నెల్ల తర్వాత చంద్రి ఆమె చేతికి చేపింది. నాకూ కళ్ళు చెమర్చాయి, ఆముదం వల్ల కాదు.

రెండో చెంబు అత్తచేతనే బిందెలోంచి ముంచించింది. రెండింటినీ మంచాల నడుమ రాయి మీద పెట్టింది. సీసా తీసి చుక్కలు గట్టిగా లెక్కపెడుతూ దానికి ఇరవై, దీనికి ఇరవై వేసి పుల్లతో కలిపింది. తర్వాత వాటి ముందు కూర్చుని కళ్ళు ఇంకా పెద్దవి చేసింది. అంత అవసరం లేదు. కావాలనే చేసింది. పెద్దల్లో ఇద్దరు మంచం మీద కాళ్ళు పైకి ముడుచుకున్నారు.

పితికిన చెంబులో పాలు లేతపసుపు రంగుకు తిరిగి అలాగే నిలిచిపోయాయి. బిందె పాలు చూస్తూ ఉండగానే నీలమయ్యాయి.

 రుక్మాబాయి నా వైపు తిరిగి, మీరు చదువుకున్నోళ్ళు, తేడా ఏందో చెప్పుండ్రి సాబ్ అంది. అంత చదువు చదివిన నేను ఆ సభలో పలికింది ఒకే ఒక్క మాట.

"గంజి."

అప్పుడు ఆ పదిమంది ముఖాలు చూడాలి. ఒకాయనకు దాణా పెట్టే వేళయిందని గుర్తొచ్చింది. ఇంకొకాయన ఇంట్లో తన బిందెకు మూత ఉందో లేదో చూసి వస్తానని లేచాడు. బాలనర్సింహ మెడ తుడుచుకుని, ఆ మందు ఎక్కడ దొరుకుతుంది, అందరికీ ఇస్తారా అని నన్ను మెల్లగా అడిగాడు. కొనే ఉద్దేశంతో అడిగినట్టు లేదు.

రుక్మాబాయి తన అత్త ఎదురుగా పోయి నిలబడింది. ఆ క్షణం కోసమే నాలుగు రోజులు నోరు మూసుకుని ఉంది మనిషి. కొమురమ్మ బిత్తరపోయి, చంద్రి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. గౌలి మనిషి బర్రె మీద చెయ్యి పెట్టి అబద్ధం చెప్పదు. రుక్మాబాయి ముఖంలో అల్లరి ఆగిపోయింది. మెల్లగా చుట్టూ చూసింది. ఆ చూపు గుంజ దగ్గరికి వచ్చి ఆగింది.

 అంజన్ గుంజ వదిలి ముందుకు వచ్చాడు.

"అమ్మ గాదు. నేను," అన్నాడు. "నీ చేతులు వణుకబట్టినంక చంద్రి సగం పాలు గూడ ఇయ్యకపాయె. నలభై ఇండ్లకు ఏం పొయ్యాలె? నీళ్ళు పోసిన. గొట్టానికి దొరుకుతమని గంజి గలిపిన. అమ్మ నీ నజర్ తగిలిందన్నది. నాకు ఆసరైంది. ఊకున్న."

కొమురమ్మ నోరు తెరిచింది. తిడుతుందనుకున్నాం. రోజూ పొయ్యి పక్కన పెట్టిన గంజి ఏమవుతోందో తెలియక ఆర్నెల్లుగా పిల్లిని కొడుతున్నానని, ఆ పాపం ఎవరికి తగులుతుందని కొడుకును నిలదీసింది. పెద్దల్లో ఎవరో కిసుక్కుమన్నారు. రుక్మాబాయి నవ్వలేదు.

"ఆర్నెల్ల సంది నువ్వు నా మొఖం సూస్తలేవు," అంది. "నా కండ్లు సూసి జడుసుకుంటున్నవనుకున్న. గోడ దిక్కు తిరిగి పండుకుని ఏడ్సిన. గిందుకా నువ్వు సూడనిది?"

"నీ కండ్లకేమైంది," అన్నాడు అంజన్. "సూడనీకి నాకే మొఖం లేకపాయె."

నాకు అతని మీద కోపం అలాగే ఉంది. భార్యను రైలెక్కిస్తామంటుంటే గుంజకు ఆనుకుని నిలబడ్డవాడు వాడు. కానీ ఆ మాట అన్నప్పుడు మొదటిసారి తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. అంతమందిలో ఆ కళ్ళలోకి చూసింది అతనొక్కడే.

రుక్మాబాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది. వంగి నీలిపాల చెంబు తీసి అతని చేతిలో పెట్టింది.

"తాగు."

ఇరవై చుక్కల మందు, గంజి, నీళ్ళు, కాసిన్ని పాలు. తుప్పు రుచి గురించి ఇదివరకే చెప్పాను. అంజన్ కళ్ళు మూసుకుని ఆఖరి చుక్క దాకా తాగాడు. చెంబు దించేసరికి మీసం, మూతి నీలంగా ఉన్నాయి. ముందు చంద్రి ముక్కు చీదింది, తర్వాత వాకిలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా రుక్మాబాయి నవ్వింది. బాలనర్సింహ ఇదే అదనని లేచి, కోడలి కళ్ళలో ఏ తప్పూ లేదని తీర్పు చెప్పి, ఎవరైనా వేరే బిందెల మాట ఎత్తకముందే సభ ముగించేశాడు.

మర్నాడే అంజన్ వచ్చి కాగితం మీద వేలిముద్ర వేశాడు. అదను దాటకుండా పెద్ద దవాఖానాలో ఆపరేషన్ అయింది. మెడ కింద సన్నని గీత మిగిలింది. రెండు నెలల్లో దడ పోయింది, ఒళ్ళు పట్టింది, చేతులు గట్టిపడ్డాయి. చంద్రి మునుపటిలా పాలిస్తోంది. మా ఇంట్లో మీగడ కట్టిన రోజున వాసవాంబ గిన్నె తెచ్చి నా ముక్కు కింద పెట్టింది, అది నా గొప్పేనని ఒప్పుకోలేదు. మిగతా గౌలి ఇళ్ళ పాలు కూడా చిక్కబడ్డాయి. రుక్మాబాయి చూస్తే దొంగపాలు నీలమైపోతాయని గల్లీ గల్లీ నమ్మింది. అందులో చుక్కల ఊసు లేదు, కంపౌండరు ఊసు అసలే లేదు.

కళ్ళు మాత్రం వెనక్కి పోలేదు. ముదరకుండా ఆగాయి, అంతే. చివరిసారి చూసి డాక్టరుగారు ఆ మాట మళ్ళీ చెప్పినప్పుడు ఆమె ఏడ్చింది. ఎంత ధైర్యం ఉన్న మనిషైనా అద్దంలో పాత ముఖం కోసం వెతుక్కుంటుంది. దుమ్ములోకి పోయినప్పుడు నల్ల అద్దాలు పెట్టుకోమని, తల కింద రెండు దిండ్లు వేసుకోమని, నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడవు కాబట్టి పడుకునే ముందు కళ్ళకు లేపనం రాయాలని ఆయన చెప్పారు. లేపనం డబ్బా అంజన్ తీసుకున్నాడు. రోజూ తనే రాస్తానన్నాడు.

సంవత్సరం తిరిగాక ఒక పొద్దున లేపనం కోసం రుక్మాబాయే వచ్చింది. డబ్బా నింపుతూ, పాల సంగతి అడిగాను. అంజన్ మళ్ళీ ఏమన్నా వేషాలు వేస్తున్నాడా, చుక్కలు కావాలా అన్నాను. చుక్కలు ఎప్పుడో అయిపోయాయంది, ఖాళీ సీసా అటక మీద ఉందంది. అయితే తెల్లవారకముందే బిందె నింపేవాడిని ఎవరు కాపలా కాస్తున్నారని అడిగాను.

ఆమె చుట్టూ చూసి, నల్ల అద్దాలు ముక్కు మీదికి జార్చింది.

"నిద్రల గూడ నా కండ్లు మూతపడవు గద సాబ్," అంది. "నేను పండుకున్ననో, మేల్కొని సూస్తున్ననో మా ఆయనకు ఇప్పటిదాంక తెల్వది. నేను జెప్పలే. మీరు గూడ జెప్పకుండ్రి."